తెలియమికి కొలత

వియన్నా నగరపు ప్రధాన శ్మశానవాటికలో బీథోవెన్, షూబర్ట్ మొదలైన సంగీత విద్వాంసుల సమాధులున్నాయి. సందర్శకుల్లో ఎక్కువమంది వాటికోసమే వస్తారు. అదే ఆవరణలో గుబురు గడ్డంతో ఉన్న ఒక పెద్దమనిషి చలువరాతి ప్రతిమ కనిపిస్తుంది. దాని పైభాగాన చరమశ్లోకం లేదు, స్తుతివాక్యం లేదు. "ఎస్ = కె లాగ్ డబ్ల్యు" అనే చిన్న సూత్రం మాత్రం చెక్కి ఉంది. ఆయన పేరు లుడ్విగ్ బోల్ట్జ్‌మన్. 1844లో ఆ నగరంలోనే పుట్టి 1906లో మరణించిన భౌతికశాస్త్రవేత్త.

రాజులు తమ దానాలనూ విజయాలనూ రాళ్లమీద చెక్కించుకున్నారు. కవులు తమ పేర్లను పద్యాల్లో పొదిగి నిలుపుకున్నారు. ఒక మనిషి జీవితకాలపు తపస్సంతా ఒక సమీకరణమై రాతికెక్కటం అరుదు. విచిత్రమేమంటే, ఆ సూత్రాన్ని ఆ రూపంలో ఆయన రాయలేదు. 1877లో ఆయన వెలువరించిన భావాన్ని తరువాతి కాలంలో మాక్స్ ప్లాంక్ ఈ పొందికైన రూపంలో పెట్టాడు. అందులోని "కె" అనే స్థిరాంకానికి బోల్ట్జ్‌మన్ పేరే ఉన్నా, దాని విలువను లెక్కగట్టినవాడు కూడా ప్లాంకే. సమాధిమీది సూత్రంలో భావం ఒకరిది, అక్షరం మరొకరిది.

సూత్రానికి ఎడమవైపున ఉన్నదాన్ని ఎంట్రోపీ అంటారు. ఆ మాట ఆవిరి యంత్రాల కాలంలో పుట్టింది. బొగ్గును మండించి ఎంత పని రాబట్టవచ్చునన్న ప్రశ్నను ఫ్రెంచి ఇంజనీరు సాదీ కార్నో 1824లో తన గ్రంథంలో లోతుగా విచారించాడు. పాపం, 36 ఏళ్లకే కలరా సోకి పోయాడు. ఆయన విడిచిన దారిలో నడిచిన జర్మన్ శాస్త్రవేత్త రుడాల్ఫ్ క్లాసియస్ 1865లో, గ్రీకు భాషలో "మార్పు" అనే అర్థమున్న పదం నుంచి ఎంట్రోపీ అనే మాటను కల్పించాడు. ఎనర్జీ అనే మాటతో దానికి శబ్దసామ్యం ఉండాలని కోరి చేసిన కల్పన అది. వేడి పాలు చల్లారతాయి. చల్లారిన పాలు గదిలోని వేడిని పోగుచేసుకొని తమంతట తాము పొంగవు. శక్తి లెక్క చూస్తే రెండూ సాధ్యమే. అయినా ఒకటి నిత్యం జరుగుతుంది, రెండోది ఎన్నడూ జరగదు. ఏకాంతంగా ఉన్న వ్యవస్థలో ఎంట్రోపీ పెరగగలదే కాని తరగదని క్లాసియస్ దీనికి సమాధానం చెప్పాడు. నిజానికి అది సమాధానం కాదు, ప్రశ్నకు పెట్టిన గౌరవప్రదమైన పేరు.

ఆ పేరు వెనక ఉన్న అర్థాన్ని బోల్ట్జ్‌మన్ వెదికాడు. ఆయన దృష్టిలో పాలు, గాలి, ఇనుము అన్నీ అణువుల గుంపులు. ఆ అణువుల కదలికే వేడి. ఆయన ఆలోచనను గవ్వలాటతో అర్థం చేసుకోవచ్చు. రెండు వైపులా సమానంగా పడే గవ్వలు పది ఉన్నాయనుకుందాం. వాటిని గుప్పిట గలగరించి నేలమీద వేస్తే పదీ వెల్లకిల పడే విధానం ఒక్కటే. ఐదు వెల్లకిలా, ఐదు బోర్లా పడే విధానాలు 252. అన్ని విధానాలూ కలిపి 1,024. ఆటకు దూరంగా అరుగుమీద కూర్చున్నవాడికి ఏ గవ్వ ఎలా పడిందో కనబడదు. ఎన్ని వెల్లకిల పడ్డాయో ఆడేవాళ్లు కేకవేసే సంఖ్య మాత్రమే వినబడుతుంది. "పది" అని వినబడితే అతనికి తెలియనిదేమీ లేదు. "ఐదు" అని వినబడితే 252 అమరికల్లో ఏదైనా కావచ్చు. దూరానికి తెలిసే ఆ సంఖ్యను స్థూలస్థితి అనీ, నేలమీద నిజంగా ఉన్న అమరికను సూక్ష్మస్థితి అనీ అంటారు. ఒక స్థూలస్థితి వెనక ఎన్ని సూక్ష్మస్థితులు దాగి ఉండవచ్చునో ఆ సంఖ్యే సూత్రంలోని "డబ్ల్యు". దాని సంవర్గమానాన్ని స్థిరాంకంతో హెచ్చిస్తే వచ్చేది ఎంట్రోపీ.

గవ్వలు వంద అయితే సగానికి సగం వెల్లకిల పడే విధానాలు సుమారు 1 పక్కన 29 సున్నాలు పెట్టినన్ని. అన్నీ వెల్లకిల పడే విధానం అప్పుడు కూడా ఒక్కటే. ఇక పాలగ్లాసులోని అణువుల మాట చెప్పనక్కరలేదు. చల్లారిన పాలు పొంగరాదని గతిశాస్త్రంలో నిషేధమేదీ లేదు. పొంగటానికి వీలైన అమరికలు, వీలుకాని అమరికల సముద్రంలో ఒక బొట్టుపాటి కూడా లేవు, అంతే.

ఇలా చూస్తే ఎంట్రోపీ అంటే స్థూలంగా తెలిశాక ఇంకా తెలియకుండా మిగిలిపోయినదాని కొలత. ఈ మాట తాత్త్వికంగా వినిపించవచ్చు గాని, ఇది తూకానికీ లెక్కకూ అందే విషయమే. ఒక గ్రాము మంచు సున్నా డిగ్రీల వద్ద కరగటానికి సుమారు 334 జౌల్‌ల ఉష్ణం కావాలి. ఆ సంఖ్యను పరమ ఉష్ణోగ్రత 273తో భాగిస్తే ఎంట్రోపీలో పెరుగుదల వస్తుంది. దానిని బోల్ట్జ్‌మన్ సూత్రం ప్రకారం "అవును, కాదు" అనే జవాబుల లెక్కలోకి మారిస్తే, ఒక్కొక్క నీటి అణువుకు నాలుగు కంటే కొంచెం తక్కువ ప్రశ్నలు వస్తాయి. మంచులో బుద్ధిగా తన చోట నిలిచి ఉన్న అణువు, కరిగాక ఎక్కడ ఎలా ఉందో తెలుసుకోవాలంటే అదనంగా అన్ని ప్రశ్నలు అడగవలసి ఉంటుందన్నమాట. అణువుకు నాలుగే కదా అని తేలికగా తీసుకోరాదు. ఆ గ్రాములోని అణువులన్నిటి జవాబులనూ ఒక్కొక్కటి ఒక టెరాబైట్ పట్టే కంప్యూటర్ డిస్కుల్లో రాసిపెట్టాలంటే సుమారు 1,600 కోట్ల డిస్కులు కావాలి. వేసవిలో సోడాగ్లాసులో వేసిన మంచుముక్క కరుగుతూ, చూస్తున్నవారి కళ్లెదుటనే దాచివేసే సమాచారం అంతటిది.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఈ తెలియమి వస్తువుదా, చూసేవాడిదా? అరుగుమీదివాడు లేచి దగ్గరికి వెళ్లి గవ్వలను ఒక్కొక్కటిగా చూస్తే అతనికి 252 ఒక్కటవుతుంది. గవ్వలు మాత్రం కదలలేదు.

నియాన్ వాయువు కథ ఈ చిక్కును చక్కగా చూపుతుంది. 1898లో కనుగొన్న ఆ వాయువును మొదట అంతా ఒకే రకమని భావించారు. అడ్డుపలకతో రెండు గదులు చేసిన పెట్టెలో రెండు వైపులా నియాన్ నింపి, తరువాత పలకను తీసివేశామనుకుందాం. 1900 నాటి శాస్త్రవేత్తను అడిగితే ఏ మార్పూ లేదనీ, ఎంట్రోపీ పెరగలేదనీ చెబుతాడు. 1913లో కేంబ్రిడ్జిలో జె. జె. థామ్సన్ నియాన్‌లో 20, 22 అనే వేరు వేరు భారాల పరమాణువులున్నాయని కనుగొన్నాడు. ఆ పెట్టెలో ఒక గదిలోది తేలిక రకమూ, రెండో గదిలోది బరువు రకమూ అయి ఉంటే, పలక తీయటంతో రెండూ కలిసిపోయి ఎంట్రోపీ పెరిగినట్లే. పెట్టె అదే, పరమాణువులు అవే. మరి మొదటివాడి లెక్క తప్పా? తప్పని అనలేము. అతని పరికరాలతో చేయగలిగిన ప్రతి ప్రయోగానికీ ఆ లెక్క సరిపోయేది. రెండోవాడికి వేరుచేసి చూడగల చూపు వచ్చింది. ఆ చూపుతోపాటే, కలిసిపోవటం అనే నష్టం కూడా లెక్కలోకి వచ్చింది. ఇటువంటి ఇబ్బందిని అమెరికా శాస్త్రవేత్త విలార్డ్ గిబ్స్ 1870లలోనే గుర్తించాడు.

ఇంతమాత్రాన ఎంట్రోపీ ఒట్టి ఊహ అనుకోవటం తొందరపాటు. ఏ స్థాయిలో చూస్తామో తేల్చుకున్న తరువాత దాని విలువ అందరికీ ఒకటే. మంచు తన 334 జౌల్‌లనూ అడిగి తీసుకుంటుంది. ఎదుటివాడి ముఖం చూసి తగ్గించదు.

బోల్ట్జ్‌మన్ కాలంలో ఈ లెక్కలకు పునాది అయిన అణువులనే చాలామంది నమ్మలేదు. వియన్నాలోనే ఆచార్యుడుగా ఉన్న ఎర్నెస్ట్ మాక్ వాటిని ఉపయోగపడే ఊహగా తప్ప సత్యంగా అంగీకరించలేదు. విల్‌హెల్మ్ ఆస్ట్‌వాల్డ్ అణువుల అవసరమే లేకుండా శక్తితోనే సర్వమూ వివరించవచ్చునని వాదించాడు. వీరందరికంటే పదునైన ప్రశ్న వేసినవాడు ఆయన మిత్రుడు లోష్మిట్. ఒక్కొక్క అణువు కదలికను వెనక్కు తిప్పినా గతిసూత్రాలు చెల్లుతాయి. విడివిడిగా ప్రతి అణువుకూ చెల్లిన వెనకనడక గుంపుకు ఎందుకు చెల్లదని 1876లో అతడు అడిగాడు. ఆ ప్రశ్నకు సమాధానం వెదుకుతూనే బోల్ట్జ్‌మన్ 1877 నాటి లెక్కకు చేరుకున్నాడు. ప్రత్యర్థుల ధిక్కారం కన్నా స్నేహితుడి సందేహం ఆయనకు ఎక్కువ మేలు చేసింది.

ఏళ్ల తరబడి మనోవ్యాకులతతోనూ, క్షీణించిన చూపుతోనూ బాధపడిన ఆయన, కుటుంబంతో కలిసి విశ్రాంతికి వెళ్లిన డూయీనో అనే సముద్రతీర గ్రామంలో 1906 సెప్టెంబరు 5న తన జీవితాన్ని తానే ముగించుకున్నాడు. అణువాద విరోధులే ఆయనను పొట్టనబెట్టుకున్నారని కొందరు చెబుతారు. కథకు అది బాగుంటుంది గాని, వ్యాధిని వాదానికి ముడిపెట్టటం ఆయనకు న్యాయం చేయటం కాదు. కాలం చేసిన పరిహాసాన్ని మాత్రం కాదనలేము. అంతకు ముందటి ఏడే, 1905లో, నీటిలో తేలే సన్నని రేణువుల వణుకును ఐన్‌స్టీన్ అణువుల తాకిడితో వివరించాడు. కొద్ది కాలంలోనే ఫ్రాన్సులో జీన్ పెరిన్ ప్రయోగాలు ఆ వివరణను స్థిరపరచాయి. 1909 నాటికి ఆస్ట్‌వాల్డ్ సైతం అణువుల ఉనికిని ఒప్పుకున్నాడు.

తెలియమిని కొలవగలిగితే, తెలుసుకోవటం వల్ల లాభమెంతో కూడా కొలవగలగాలి. ఈ మెలికను బోల్ట్జ్‌మన్ కంటే ముందే పట్టుకున్నవాడు స్కాట్లండుకు చెందిన జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్. 1867 డిసెంబరులో తన మిత్రుడు టేట్‌కు రాసిన ఉత్తరంలో ఆయన ఒక చిలిపి ఊహ చేశాడు. గోరువెచ్చని వాయువున్న పెట్టెకు నడుమ గోడ, గోడకు చిన్న తలుపు, తలుపు దగ్గర అతిసూక్ష్మమైన ఒక ద్వారపాలకుడు. వేగంగా వచ్చే అణువును అటు పోనిస్తాడు; మెల్లగా వచ్చేదాన్ని ఇటు రానిస్తాడు. కాసేపటికి ఒక గది వేడెక్కుతుంది, మరొకటి చల్లబడుతుంది. తలుపు తేలికైనది కనుక శ్రమ లేదు. ఖర్చు లేకుండానే ఎంట్రోపీ తగ్గింది! ఈ ద్వారపాలకుడికి "మాక్స్‌వెల్ భూతం" అనే పేరు 1874లో విలియం థామ్సన్ వల్ల వచ్చింది. భూతానికి ఉన్న బలమల్లా దాని చూపే. మనుషులు గుంపును చూస్తారు. అది అణువును చూస్తుంది.

ఈ భూతాన్ని వదిలించటానికి శాస్త్రజ్ఞులకు వంద సంవత్సరాలకు పైగా పట్టింది. 1929లో హంగరీ దేశీయుడు లియో జిలార్డ్ పెట్టెలోని అణువుల సంఖ్యను ఒకటికి తగ్గించి సమస్యను తేటపరచాడు. ఉన్న ఒకే అణువు ఎడమ సగంలో ఉందా, కుడి సగంలో ఉందా అన్నది తెలిస్తే చాలు, దానిచేత ముషలకాన్ని నెట్టించి కొంత పని రాబట్టవచ్చు. గది ఉష్ణోగ్రత వద్ద ఆ ఒక్క జవాబు విలువ, ఒక జౌల్‌ను 1 పక్కన 20 సున్నాలు పెట్టినన్ని భాగాలు చేస్తే అందులో ఒక భాగానికి మూడో వంతుకన్నా తక్కువ. అల్పమే, కాని సున్నా కాదు. సమాచారానికి వెలకట్టటం అక్కడ మొదలైంది.

సమాచారాన్ని విడిగా కొలిచే శాస్త్రం 1948లో వచ్చింది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పనిచేసే క్లాడ్ షానన్ టెలిఫోన్ తీగల మీద సందేశాలను ఎంత పొదుపుగా, ఎంత భద్రంగా పంపవచ్చునో ఆలోచిస్తూ ఒక కొలత కనుగొన్నాడు. రెండు సమాన అవకాశాల్లో ఏది నిజమో తెలిపే ఒక జవాబు ఆ కొలతకు ప్రమాణం. దానికి "బిట్" అనే పేరును సూచించినవాడు జాన్ టూకీ. షానన్ సమీకరణం రూపంలో బోల్ట్జ్‌మన్‌దే. కొలతకు ఏ పేరు పెట్టాలని అతడు సందేహిస్తుంటే, "ఎంట్రోపీ అని పెట్టు, అదేమిటో ఎవరికీ సరిగా తెలియదు కనుక వాదంలో నీదే పైచేయి అవుతుంది" అన్న అర్థం వచ్చేటట్లు ఫాన్ నాయ్‌మన్ సలహా ఇచ్చాడని ఒక కథ వ్యాప్తిలో ఉంది.

ఛందస్సు చదివిన తెలుగు విద్యార్థికి ఈ కొలత మరీ కొత్తది కాదు. ప్రతి అక్షరమూ గురువో లఘువో అవుతుంది. మూడో మార్గం లేదు. కనుకనే మూడక్షరాల గణాలు ఎనిమిదే. పాదానికి ఇరవై అక్షరాలుండే "కృతి" ఛందస్సులో సాధ్యమైన వృత్తాలు 10,48,576. వాటిని ప్రస్తారక్రమంలో పేర్చితే ఉత్పలమాల 3,55,799వది, మత్తేభం 2,98,676వది. వృత్తాన్ని చూసి దాని సంఖ్యను చెప్పే పద్ధతికి ఛందశ్శాస్త్రం "ఉద్దిష్టం" అని పేరుపెట్టింది. సంఖ్యను మాత్రం చెబితే వృత్తపు గురులఘువులను తిరిగి రాబట్టే పద్ధతి పేరు "నష్టం". పోయిన పంక్తిని వెనక్కు తెచ్చేది కనుక ఆ పేరు. ఆ పద్ధతిలో సంఖ్య సరి అయితే లఘువు రాసి సంఖ్యను సగం చేస్తారు. బేసి అయితే గురువు రాసి, ఒకటి కలిపి సగం చేస్తారు. ఇరవై అక్షరాలకు ఇరవై మెట్లు, ఇరవై జవాబులు. షానన్ లెక్కలో అది సరిగ్గా ఇరవై బిట్లు.

పద్యంలో అన్ని అక్షరాలూ ఒకే సమాచారాన్ని మోయవు. షానన్ 1951లో ఆంగ్ల వాక్యాలలోని తరువాతి అక్షరాన్ని ఊహించమని మనుషులను అడిగి చూశాడు. ఇరవై ఆరు అక్షరాలూ సమానంగా వచ్చేటట్లయితే ఒక్కొక్కదానికి 4.7 బిట్లు ఉండాలి. ముందరి పాఠం తెలిసినవారికి ఒక్కొక్క అక్షరం సుమారు ఒక బిట్టే కొత్తగా చెబుతున్నదని తేలింది. తక్కినదంతా పునరుక్తి. అది వృథా అనుకోరాదు, పోయినదాన్ని పట్టి ఇచ్చే జామీను అది. తాళపత్రంలో మూడో పాదపు రెండో అక్షరాన్ని పురుగు తినివేసినా, తక్కిన మూడు పాదాల ప్రాస అక్కడ ఏ హల్లు ఉండాలో చెబుతుంది. ఉత్పలమాలలో పదో అక్షరం చెడితే పాదపు మొదటి అక్షరం యతిమైత్రి ద్వారా అవకాశాలను నాలుగైదింటికి కుదిస్తుంది. యతిప్రాసలు చెవికి ఇంపునిచ్చే అలంకారాలని చెప్పటం పరిపాటి. కొంతవరకు అవి కాపలాదారులు కూడా.

ఇక భూతం మాటకు వద్దాం. అది ఎక్కడ దొరికిపోయింది? చూడటానికి ఖర్చవుతుంది కాబోలునని జిలార్డ్, ఆయన తరువాత మరికొందరు అనుకున్నారు. అసలు ఖర్చు మరోచోట ఉందని 1961లో ఐబీఎం సంస్థకు చెందిన రోల్ఫ్ లాండావర్ చూపిన మార్గంలో తేలింది. ఒక బిట్‌ను చెరిపివేసిన ప్రతిసారీ కొంత వేడి తప్పనిసరిగా బయటపడాలని ఆయన నిరూపించాడు. దాని కనీస పరిమాణం జిలార్డ్ లెక్కలోని అల్పమొత్తానికి సరిగ్గా సమానం. 1982లో చార్లెస్ బెనెట్ ఆ సూత్రాన్ని భూతానికి వర్తింపజేశాడు. భూతం ప్రతి అణువు వేగాన్నీ గుర్తుపెట్టుకోవాలి. దాని జ్ఞాపకానికి హద్దు ఉంది. పలక నిండాక చెరపాలి. చెరిపితే వేడి పుడుతుంది. అప్పటిదాకా తగ్గించిన ఎంట్రోపీ అంతా ఆ చెరపటంలో తిరిగి జమ అవుతుంది. తెలుగులో భూతమంటే గడిచిపోయినది అని కూడా అర్థముంది. ఈ భూతానికి తన గతమే బరువైంది.

లాండావర్ చెప్పినది యాభై ఏళ్లపాటు కాగితం మీదనే ఉండిపోయింది. 2012లో ఫ్రాన్సులోని లియాన్ నగరంలో ప్రయోగశాలలో దాన్ని కొలిచారు. మిల్లీమీటరులో అయిదువందల వంతు వ్యాసమున్న గాజుపూసను నీటిలో లేజర్ కాంతితో పట్టి ఉంచి, పక్కపక్కన రెండు గుంటల్లో ఏదో ఒకదానిలో నిలిచేటట్లు చేశారు. ఎడమ గుంట సున్నా, కుడి గుంట ఒకటి. పూస ఎక్కడున్నా సరే చివరికి ఒకే గుంటకు చేర్చటమే చెరపటం. ఆ పనిని ఎంత నెమ్మదిగా చేస్తే పుట్టిన వేడి లాండావర్ చెప్పిన హద్దుకు అంత దగ్గరగా వచ్చింది. హద్దు కింద మాత్రం పడలేదు. ఒక టెరాబైట్ సమాచారాన్ని చెరపటానికి ప్రకృతి కోరే కనీస సుంకం ఒక జౌల్‌లో నాలుగు కోట్ల వంతు మాత్రమే. మనుషులు చేసిన కంప్యూటర్లు దానికి ఎన్నో వేల రెట్లు చెల్లిస్తున్నాయి. అందులో ప్రకృతి దోషం లేదు.

గాజుపూస నుంచి చూపును నక్షత్రాలవైపు తిప్పినా ఇదే లెక్క వెంట వస్తుంది. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో జాన్ వీలర్ తన శిష్యుడు జేకబ్ బెకెన్‌స్టైన్‌తో ఒకసారి హాస్యమాడాడు. వేడి టీ కప్పును చల్లని కప్పు పక్కన పెడితే ఎంట్రోపీ పెరుగుతుంది, అది ఒక నేరం. కాని దగ్గర్లో ఒక కృష్ణబిలం ఉంటే రెండు కప్పులనూ అందులో పడేసి సాక్ష్యం మాయం చేయవచ్చు కదా అని. శిష్యుడు ఆ హాస్యాన్ని హాస్యంగా వదలలేదు. సాక్ష్యం మాయం కారాదంటే కృష్ణబిలానికే ఎంట్రోపీ ఉండాలని 1972 నుంచి వాదించాడు. మొదట ఆ వాదాన్ని గట్టిగా ఎదిరించినవాడు స్టీఫెన్ హాకింగ్. దాన్ని ఖండించబోయి చేసిన లెక్కలోనే, 1974లో, కృష్ణబిలం వేడి వస్తువులాగా వికిరణాన్ని వెదజల్లుతుందని తేలి, ఎంట్రోపీ విలువను స్థిరపరచవలసినవాడు ఆయనే అయ్యాడు. ఆశ్చర్యమేమంటే ఆ ఎంట్రోపీ బిలపు ఘనపరిమాణాన్ని బట్టి కాక ఉపరితల వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. గాదెలో పట్టే ధాన్యాన్ని లోపలి చోటును బట్టి కాక గోడల వైశాల్యాన్ని బట్టి లెక్కగట్టవలసి వచ్చినట్లు! సూర్యునంత ద్రవ్యరాశి గల కృష్ణబిలపు ఎంట్రోపీ, సూర్యుని ఎంట్రోపీకి 1 పక్కన 18 సున్నాలు పెట్టినన్ని రెట్లను మించుతుంది. హాకింగ్ 2018లో మరణించాక ఆయన అస్థికలను లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఉంచి, పైన పరచిన రాతిమీద ఆయన సూత్రాన్ని చెక్కారు. ఆ సూత్రంలో కూడా వియన్నా సమాధిమీది "కె" ఉంది.

కృష్ణబిలం మింగినవాటి వివరం శాశ్వతంగా నశిస్తుందా అన్నదానిపై 1997లో హాకింగ్, కిప్ థోర్న్ ఒకవైపూ, జాన్ ప్రెస్కిల్ మరోవైపూ నిలిచి పందెం వేసుకున్నారు. ఓడినవారు గెలిచినవారికి ఒక విజ్ఞానసర్వస్వాన్ని ఇవ్వాలి. నశించదని 2004లో ఒప్పుకొని హాకింగ్ ప్రెస్కిల్‌కు బేస్‌బాల్ ఆటను గురించిన పెద్ద పుస్తకం ఇచ్చాడు. థోర్న్ అప్పటికి ఒప్పుకోలేదు. వివాదం పూర్తిగా తీరలేదు కూడా. పుస్తకానికి బదులు దాని బూడిద ఇచ్చినా సరిపోయేదేమోనని హాకింగ్ తరువాత చమత్కరించాడు. ఆ చమత్కారంలో శాస్త్రం ఉంది. భౌతిక నియమాల ప్రకారం కాలిన పుస్తకంలోని అక్షరాలు ఎక్కడికీ పోవు. పొగలోని ప్రతి అణువునూ, బూడిదలోని ప్రతి రేణువునూ, బయటపడిన ప్రతి కాంతికణాన్నీ పట్టుకోగల భూతమెవరైనా ఉంటే పుటలన్నీ తిరిగి చదవగలదు.

మనుషులు చదివే స్థాయి అది కాదు. చెదలు తిన్న తాటాకు మట్టిలో కలిసినప్పుడు, అందులోని పద్యం అణువుల లెక్కలో ఎక్కడో ఉన్నదని చెప్పి పాఠకుణ్ణి ఊరడించలేము. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు వచ్చిన తరువాత తెలుగు తాళపత్రాలను సేకరించి, పండితులనూ వ్రాయసగాళ్లనూ నియమించి, ఒక్కొక్క కావ్యానికి దొరికినన్ని ప్రతులను పక్కపక్కన పెట్టి సరిచూపించి శుద్ధప్రతులు రాయించాడు. ఆ సేకరణలోని చాలా ప్రతులు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయానికి చేరాయి. ఇటువంటి పనిలో ఒక ప్రతిలో పోయిన అక్షరం మరో ప్రతిలో దొరుకుతుంది. ఎందులోనూ దొరకనప్పుడు యతి, ప్రాస, గణం కొంత చెబుతాయి. అవి కూడా చెప్పలేని చోట్లు మిగులుతాయి. పాత కావ్యాల అచ్చుప్రతుల్లో అక్కడ వరసగా చుక్కలు పెట్టి, పక్కన "గ్రంథపాతము" అని వేస్తారు.